ప్రీకాస్ట్ ఇళ్లలో మిగిలేది ఎవరికి దక్కుతోంది?

నీలిగీత:
గోడలు, స్లాబులు ఫ్యాక్టరీలో పోసి, ట్రైలర్ మీద తెచ్చి, క్రేన్‌తో నిలబెట్టే ప్రీకాస్ట్ పద్ధతిని ఏళ్ల తరబడి పొగుడుతూనే ఉన్నారు. పని త్వరగా అవుతుంది, సరే. మరి కొనేవారికి చదరపు అడుగుకు రూపాయి కూడా తగ్గలేదేం? సైటులో పెట్టే ఖర్చునే తెచ్చి షెడ్డు కింద పెడుతున్నారని నా అనుమానం. కాదనేవాళ్లు లెక్క చెప్పండి.

ట్రైలర్‌మీద:
చెన్నై పెరుంబాక్కం చూడండి. కేంద్రం లైట్ హౌస్ పథకం కింద 1,152 ఇళ్లు ప్రీకాస్ట్‌లో కట్టారు. 2021 జనవరి 1న శంకుస్థాపన, 2022 మేలో ప్రారంభం. మధ్యలో కరోనా రెండో విడత. మామూలు సెంట్రింగుతో అయ్యే పనేనా? త్వరగా అయితే అప్పు మీద అంత వడ్డీ మిగలడం విలువ కాదా?

నీలిగీత:
గడువు 12 నెలలు, పట్టింది దాదాపు 17. ప్రాజెక్టు ఖర్చు 116 కోట్లు, అంటే ఇంటికి సుమారు 10 లక్షలు. అందులో 4 లక్షలు కొత్త సాంకేతికత కోసం ఇచ్చిన ప్రత్యేక గ్రాంటు. గ్రాంటు లేని బిల్డరు సంగతి అడుగుతున్నాను.

అచ్చులశాల:
ఒక అచ్చులో ఎన్నిసార్లు పోత పోస్తామన్నదే అసలు లెక్క. హైదరాబాద్ మెట్రో పట్టాలను మోసే వంతెన (వయాడక్టు) ముక్కలు ఉప్పల్, కుత్బుల్లాపూర్ యార్డుల్లో పోశారు. దాదాపు ఒకే ఆకారం, కిలోమీటర్ల కొద్దీ. అక్కడ అచ్చు ఖర్చు ఎవరికీ భారం కాదు. అపార్టుమెంటు దగ్గరికొచ్చేసరికి ప్రతి అంతస్తుకూ ఒక కొత్త కోరిక. ప్యానెల్ (గోడ పలక) పోశాక ఏసీ పైపుకు రంధ్రం కావాలని గుర్తొస్తుంది. మా యార్డులో క్రేన్ ఖాళీగా నిలబడేది కాంక్రీటు గట్టిపడక కాదు, డ్రాయింగు రాక.

డ్రాయింగు నుంచి కట్టడం దాకా అన్ని పనులూ తామే చేస్తే తీరిపోతుందనుకున్న నిర్మాణ సంస్థ కేటెర్రా ఏమైంది? 2015లో అమెరికాలో మొదలై, సాఫ్ట్‌బ్యాంక్ పెట్టుబడితో విస్తరించి, 2018లో తమిళనాడు కృష్ణగిరిలో ఫ్యాక్టరీ ఉన్న ప్రీకాస్ట్ సంస్థ కేఈఎఫ్ ఇన్‌ఫ్రాను కలుపుకొని, 2021 జూన్‌లో దివాలా పిటిషన్ వేసింది. ఆర్డర్లు ఆగినా ఫ్యాక్టరీ జీతాలు ఆగవు.

ట్రైలర్‌మీద:
అంటే ఫ్యాక్టరీలే వద్దంటారా?

అచ్చులశాల:
నలుగురు బిల్డర్లు ఒకే కొలత మెట్లకు, ఒకే కొలత బాత్‌రూములకు ఒప్పుకుంటే చాలంటున్నాను. ఒప్పుకోరు. ఎవరి మెట్లు వారికే ముద్దు.

ఖాతాపుస్తకం:
పన్ను మాట ఎవరూ ఎత్తలేదేం? ప్రీకాస్ట్ ప్యానెల్‌పై జీఎస్టీ 18 శాతం. కట్టడంలో ఉన్న ఫ్లాటు అమ్మినప్పుడు బిల్డరు వసూలు చేసేది 5 శాతం, అందుబాటు ధర ఇళ్లకైతే 1 శాతమే. సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను వెనక్కి రాదు. సైటులో రోజుకూలీకి నేరుగా ఇచ్చే డబ్బుపై జీఎస్టీ లేదు. అదే కూలీ యార్డులో పనిచేస్తే ఆ శ్రమ ప్యానెల్ ధరలో కలిసి 18 శాతం మోస్తుంది. నీలిగీత గారూ, మీరు వెతుకుతున్న రూపాయిలో కొంత ఇక్కడే పోయింది.

అంతకంటే పెద్ద చిక్కు రెరా (ఇళ్లు కొనేవారి రక్షణకు చేసిన స్థిరాస్తి చట్టం) ఖాతా. కొనుగోలుదారులు కట్టిన సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలి. పని ఎంత శాతం అయిందో ఇంజినీరు, ఆర్కిటెక్టు, సీఏ ధ్రువీకరించాకే తీసుకోవాలి. ఎక్కడో యార్డులో పేర్చిన గోడలు సైటులో ఎంత శాతం కింద లెక్క? సంతకం పెట్టడానికి జంకుతారు. ఫ్యాక్టరీ మాత్రం అడ్వాన్సు లేనిదే అచ్చు ముట్టుకోదు. అడ్వాన్సు కట్టిన నాటి నుంచి ఖాతాలో డబ్బు తీసే దాకా పడే వడ్డీ ఎవరు మోస్తారో తేలకుండా వేగం గురించి మాట్లాడి ఏం లాభం?

అతుకుపని:
వడ్డీ సరే, అతుకులు మరవకండి. 2001 భుజ్ భూకంపంలో గుజరాత్‌లో ప్రీకాస్ట్ బడిగదులు చాలా కూలాయి. పలకలను సరిగా కలిపి కట్టకపోవడమే ముఖ్య కారణం. ధర తగ్గించమని బేరమాడితే మొదటి కోత గ్రౌటింగు (అతుకుల్లో సిమెంటు మిశ్రమం నింపే పని) మనుషుల మీదే పడుతుంది.

నీలిగీత:
అయితే ప్రీకాస్ట్ తయారీదారులు బిల్డర్లను బతిమాలడం మాని రెరా అధికారుల దగ్గరికి వెళ్లాలి. యార్డులో సిద్ధంగా ఉన్న ప్యానెల్‌ను ఏ ఫ్లాటుదో గుర్తించి, బీమా చేయించి, పని శాతంలో కలిపేలా అడగాలి.

అచ్చులశాల:
ఏ టవరు, ఏ అంతస్తు, ఏ రోజు పోత, అన్నీ ప్యానెల్ మీదే రాసి ఉంటాయి. యార్డుకు వచ్చి చూసే ఇంజినీరే లేడు.