అప్‌డేట్: మోడెమ్ పలికింది!

కంప్యూటర్‌లో లైనక్స్ పెట్టాక, ఫోన్ లైన్ మీద ఇంటర్నెట్ కలిపే లోపలి పీసీఐ మోడెమ్ కార్డు అసలు కనబడడం లేదని మొన్న అడిగాను కదా. మీలో ఒకరు అనుమానించినట్టే అది విన్‌మోడెమ్. తన పనిలో చాలా భాగం విండోస్ డ్రైవర్ ద్వారా ప్రాసెసర్ నెత్తిన వేస్తుంది. ఆ డ్రైవర్ లేకపోతే ఉత్త రేకుముక్కే. రెండు రాత్రులు కుస్తీ పట్టి వదిలేశాను.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లమ్మే సీటీసీలో పాత సీరియల్ ఎక్స్‌టర్నల్ మోడెమ్ దొరికింది. కామ్1కి, అంటే మొదటి సీరియల్ పోర్టుకి తగిలించాను; లైనక్స్‌లో దాని పేరు టీటీవైఎస్0. డ్రైవర్ ఊసే లేదు. పర్మిషన్ లేదంటే నా యూజర్‌ని ఆ పోర్టు వాడే అనుమతి ఉన్న డయలవుట్ గ్రూపులో చేర్చి మళ్లీ లాగిన్ అయ్యాను.

అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. నంబరు కలిపే ప్రోగ్రామ్ డబ్ల్యూవీడయల్ ప్రతిసారీ 'నో డయల్‌టోన్' అంటోంది. ఫోనెత్తితే టోన్ శుభ్రంగా వినబడుతోంది! మా లైన్ టోన్‌ను మోడెమ్ గుర్తుపట్టడం లేదన్నమాట. మోడెమ్‌కి ముందుగా పంపే ఆదేశాల (ఇనిట్) వరుసలో ఏటీఎక్స్3 చేర్చాను. ఇక టోన్ కోసం చూడకుండా నంబరు కొట్టేస్తుంది. కీచుమంటూ కలిసింది. అయినా పేజీలు రాలేదు: ఐపీకి (అంకెల అడ్రసుకి) పింగ్ వెళ్తోంది, సైటు పేరు పెడితే వెళ్లడం లేదు. డయలప్ కనెక్షన్ నడిపే పీపీపీ ఆప్షన్లలో యూజ్‌పీర్‌డీఎన్‌ఎస్ (పేర్లను ఐపీలుగా మార్చే సర్వర్ల అడ్రసులు అవతలి వైపు నుంచే తీసుకోమని) అని రాస్తే అదీ తీరింది.

ఇప్పుడు ఫోన్ ఎప్పుడూ ఎంగేజేనని అమ్మ తిడుతోంది. దానికి కమాండ్ ఎవరికైనా తెలిస్తే చెప్పండి.