ఎర్ర చల్కలో మక్క కంకులకు గింజ ఎందుకు పట్టలేదు?

చల్క రైతు:
యాసంగిలో రెండు చోట్ల మక్క వేశాను, ఒకటి ఇసుకపాలు ఎక్కువున్న ఎర్ర చల్క నేల, ఇంకోటి నల్లరేగడి. విత్తనం ఒకటే, ఎరువులు ఒకటే, బోరూ ఒకటే, రెండిటికీ పది రోజులకోసారి తడి ఇచ్చాను. రేగడిలో కంకులు నిండుగా ఉన్నాయి. చల్కలో పొట్టు ఒలిస్తే గింజలు అక్కడొకటి ఇక్కడొకటి, కొసన రెండు వేళ్ల మేర బోడి. విత్తనాల షాపాయన నీళ్లు తక్కువయ్యాయంటున్నాడు, రెండిటికీ ఒకేలా పెట్టాను కదా?

రేగడి బాబాయ్:
ఒకేలా పెట్టడమే తేడా కొట్టింది తమ్ముడూ. పది రోజులైనా రేగడిలో పదును ఉంటుంది, చల్కలో ఆరో ఏడో రోజుకే ఆకులు చుట్టుకుంటాయి. మోకాలెత్తు పైరుకు అలా జరిగితే కాస్త గిడసబారినా తేరుకుంటుంది, పూతలో జరిగితే కష్టం. మొక్క కొసన వచ్చే మగపూత, అదే జల్లు, టైముకే వచ్చి పుప్పొడి రాల్చేస్తుంది, కంకి పీచు మాత్రం నీరందక లేటుగా బయటికొస్తుంది, అప్పటికి పుప్పొడి అయిపోతుంది. ఒక్కో పీచు పోగుకు ఒక్కో గింజ, పుప్పొడి పడని పోగు దగ్గర ఖాళీయే. కొస బోడిగా ఉండటానికి ఇంకో కారణం కూడా ఉంది, గింజ పాలు పోసుకునేటప్పుడు బెట్ట తగిలితే మొక్క ముందు కొస గింజల్నే వదిలేస్తుంది.

గుంటూరు మిర్చి:
అన్నీ నీళ్ల మీదికి తోసేయకండి. ఆలస్యంగా విత్తి పూత ముదురు ఎండల్లో పడితే, ఎంత తడి ఇచ్చినా పుప్పొడి మాడిపోయి గింజ పట్టదు.

చల్క రైతు:
రెండూ ఒకే వారంలో, నవంబరు మొదట్లో వేశానన్నా. ఎండే అయితే రేగడి పైరునూ దెబ్బతీయాలి కదా.

గుంటూరు మిర్చి:
అలాగైతే నీళ్లే. కాదనను.

రేగడి బాబాయ్:
ఈసారి రోజులు లెక్కపెట్టకు. జానెడు లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కు, ముద్ద కట్టి నిలిస్తే ఆగు, వేళ్లు విప్పగానే పొడిపొడిగా రాలితే ఆ రోజే తడి ఇవ్వు. అలాగని మక్క వరి కాదు, లేత పైరులో నీళ్లు నిలిస్తే ఆకులు పసుపు రంగుకు తిరిగి ఎదగదు.

చల్క రైతు:
పూత టైముకే బోరు సన్నబడుతోంది బాబాయ్, చాళ్లన్నీ ఒకేసారి తడవవు.

రేగడి బాబాయ్:
చాలు విడిచి చాలు పెట్టు, వదిలినవాటికి తర్వాతి తడి. రేగడికి రెండు రోజులు ఆపినా ఏం కాదు, జల్లు కనబడినప్పటి నుంచి గింజ పాలు పోసుకునేదాకా చల్కకే ముందు ఇవ్వు.