నీతి జరిగించడమే తిరిగి జన్మించామనడానికి గుర్తా?

కొత్తపేట_సిస్టర్ (గుంటూరు):
అందరికీ వందనాలండి. మొన్న ఆదివారం మా అయ్యగారు (పాస్టరుగారు) 1 యోహాను 2:29 మీద వాక్యం చెప్పారు, నీతి జరిగించే ప్రతివాడూ దేవుని మూలంగా పుట్టినవాడేనని, అంటే తిరిగి జన్మించి, క్రీస్తులో కొత్త జీవితం పొందినవాడేనని. అప్పటి నుంచి మనసులో ఇదే తిరుగుతోంది. మా సంఘంలో ఒకాయన సాక్ష్యం చెప్తుంటే అందరం కన్నీళ్ళు పెట్టుకుంటాం, కానీ ఆయనే ఇద్దరు విధవరాళ్ళ దగ్గర చీటీ డబ్బులు కట్టించుకుని ఇప్పటికీ తిరిగి ఇవ్వలేదు, అడిగితే "ప్రార్థన చెయ్యండమ్మా, దేవుడు చూసుకుంటాడు" అంటారు. మా పక్కింటి పిన్నిగారేమో ఏటా వరలక్ష్మీ వ్రతం చేసుకునే మనిషి, కూరగాయల బండి అతను చిల్లర ఎక్కువిస్తే పై వీధి దాకా వెళ్ళి మరీ ఇచ్చొస్తారు. ఈ వాక్యం ప్రకారం వీళ్ళలో ఎవరు తిరిగి జన్మించినట్టు? వాదన కోసం కాదండి, నిజంగా తెలియక అడుగుతున్నాను.

పటమట_బ్రదర్:
సిస్టర్, ఆ పత్రిక (ఉత్తరం) యోహాను రాసింది విశ్వాసులకి. అప్పటికే కొందరు సంఘంలోంచి విడిపోయారు (2:19 చూడండి), దేవుణ్ణి ఎరుగుదుమని చెప్పుకుంటూ ఆయన ఆజ్ఞలు పట్టించుకోనివాళ్ళు ఉన్నారు, అందుకే 3:7లో ఎవరి చేతా మోసపోవద్దంటాడు. బిడ్డ ఏడ్చింది కాబట్టి పుట్టదు, పుట్టింది కాబట్టి ఏడుస్తుంది, నీతి కూడా అంతే, దానివల్ల రక్షణ రాదు గానీ రక్షణ వచ్చిన చోట అది కనబడి తీరాలి. ఎఫెసీ 2:8, 9 మనందరికీ కంఠతా వచ్చు, రక్షణ క్రియల వల్ల కాదు అని. 10వ వచనం మాత్రం చాలామంది చదవరు, సత్‌క్రియలు చేయడానికే క్రీస్తులో సృష్టించబడ్డామని అక్కడే ఉంది.

బ్రాడీపేట_టీచర్:
పిన్నిగారి విషయంలో అపొస్తలుల కార్యములు 10 చదవమ్మా. కొర్నేలీ అనే రోమా శతాధిపతి ఇంకా సువార్త వినకముందే ధర్మకార్యాలు చేసేవాడు, ప్రార్థన చేసేవాడు, అవి దేవుని సన్నిధికి చేరాయని దూతే చెప్పాడు. అయినా "నీకింక ఏమీ అక్కర్లేదు" అనలేదు, యొప్పే ఊరికి మనుషుల్ని పంపి అపొస్తలుడైన పేతురును పిలిపించుకోమన్నాడు. కాబట్టి ఆవిడ నిజాయితీని తక్కువ చేసి మాట్లాడకూడదు, అలాగని ఆవిడకి క్రీస్తు గురించి చెప్పక్కర్లేదనీ కాదు. అయినా మనవాళ్ళలో ఒకరు ఆవిడ ఎదురుగా అప్పు ఎగ్గొడుతుంటే మన మాట ఆవిడ ఎందుకు వింటుంది చెప్పు?

కృష్ణలంక_తమ్ముడు:
నాకు అదే పత్రికలో 3:9 చదివితేనే టెన్షన్, దేవుని మూలంగా పుట్టినవాడు పాపం చేయడని ఉంది. ఇంట్లో కోపం వస్తే నోరు అదుపులో ఉండదు, మరి నేను పుట్టనట్టేనా?

పటమట_బ్రదర్:
తమ్ముడూ, పాపం లేదని చెప్పుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టని 1:8లో రాసింది కూడా ఆ యోహానే కదా. ఎవరైనా పాపం చేస్తే తండ్రి దగ్గర మనకో ఉత్తరవాది, అంటే మన తరపున మాట్లాడే యేసుక్రీస్తు, ఉన్నాడని 2:1 చెప్తోంది. 3:9 చెప్పేది పాపంలోనే హాయిగా కాపురం పెట్టి, అడిగితే వాక్యం అడ్డుపెట్టుకునేవాడి గురించి. నీకు బాధగా ఉంది, ఒప్పుకుంటున్నావు, ఇంట్లోవాళ్ళ దగ్గర క్షమాపణ అడుగు. అదీ నీతి జరిగించడమే.

మిర్చియార్డు_కాటా:
నేను యార్డులో కాటా దగ్గర పనిచేస్తాను, టిక్కీ (మిర్చి బస్తా) తూచేటప్పుడు ఒక్క కిలో అటూ ఇటూ అయినా రైతు ఎంత నష్టపోతాడో రోజూ చూస్తుంటాను, అందుకని నాకు లూకా 19లో పన్నులు వసూలు చేసే జక్కయ్య దగ్గరే ఆగాలనిపిస్తుంది. ఆస్తిలో సగం పేదలకిస్తాను, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తాను అన్నాడు, ఆ తర్వాతే యేసు ఈ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు. మీ సంఘం ఆయన్ని నాలుగంతలు ఎవరూ అడగట్లేదు, అసలు ఇస్తే చాలు. అన్నం లేనివాడితో "సమాధానంగా వెళ్ళు" అనేసి ఏమీ పెట్టకపోతే ఏం లాభమని యాకోబు 2లో అడిగాడే, ఈ "ప్రార్థన చెయ్యండమ్మా" సరిగ్గా అదే. ఆయన తిరిగి జన్మించాడో లేదో దేవుడు తేలుస్తాడు, ఆ ఇద్దరి డబ్బు సంగతి మాత్రం సంఘం తేల్చాలి. మత్తయి 18 ప్రకారం ముందు ఒంటరిగా అడగండి, వినకపోతే ఒకరిద్దరిని వెంట తీసుకెళ్ళండి.

కొత్తపేట_సిస్టర్:
చాలా వందనాలండి అందరికీ. మా ఆయనకి ఇవన్నీ చదివి వినిపించాను. ముందు ఆయనే వెళ్ళి విడిగా మాట్లాడతానన్నారు. ఆ ఇద్దరూ ఎవరెంత కట్టారో ఈ రాత్రికి కాగితం మీద రాయించి ఇస్తాను.