చేపల వాన: పైనుంచి పడతాయా, కిందినుంచి వస్తాయా?

గోదారిగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

ఏటా తొలకరి పడగానే వాట్సాప్‌లో ఓ వీడియో దిగుతుంది. రోడ్డు మీద చేపలు గిలగిలా కొట్టుకుంటుంటాయి, పిల్లలు బకెట్లు పట్టుకుని పరుగులు తీస్తుంటారు, వెనకనుంచి ఎవరో "ఆకాశంలోంచి పడ్డాయండీ బాబూ" అని అరుస్తుంటాడు. 2022 జూలైలో జగిత్యాలలో చేపల వాన కురిసిందని పేపర్లు, టీవీలు హోరెత్తించాయి. నిన్న మా ఆఫీసు క్యాంటీన్లో ఈ మాట వస్తే అందరూ నవ్వారు. నేను మాత్రం నవ్వలేకపోయాను.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా డాబా మీద చేప దొరికింది. రాత్రంతా వాన. తెల్లారి డాబా మీద నీళ్ళు నిలిచిపోయాయి, తూము దగ్గర ఆకులు అడ్డం పడ్డట్టున్నాయి, తీసి రారా అని అమ్మ పంపింది. ఆకుల్లో చెయ్యి పెడితే చల్లగా, జారుడుగా ఏదో తగిలింది. పామనుకుని కేక పెట్టాను. చూస్తే వేలెడంత చేప, చచ్చిపోయి ఉంది. డాబా మెట్లు ఇంటి లోపలినుంచి. చేప మెట్లెక్కి రాలేదు కదా?

నిజమా, కట్టుకథా? తేల్చండి.

పాలమూరోడు

అన్నా, నవ్వినోళ్ళదే రైటు. మాది చెరువు కింది ఊరు, నాకు తెల్వని ముచ్చట కాదిది. ఎండకాలం చెరువు ఎండుతది, పైన నేల పలకలు పలకలుగ పగులుతది. గడ్డపారతోని మూరెడు లోతు తవ్వితే లోపల ఇంకా పచ్చి ఉంటది. ఆ పచ్చిల కొర్రమట్ట ముడుచుకొని పండుకుంటది. నేను చేత్తోని తీసిన. నీళ్ళు లేకున్నా గాలి పీల్చి బతుకుతది అది. మన రాష్ట్ర చేప ఉత్తగనే అయితదా?

మొదటి పెద్ద వాన పడ్డదంటే ఇవి ఆగవు. కొర్రమట్ట గానీ మట్టగిడస గానీ పారే నీళ్ళకు ఎదురెక్కుతయ్. కాల్వల నుంచి పొలంలకు, పొలంల నుంచి బాటకు. రోడ్డు మీద నాలుగు వేళ్ళ మందం నీళ్ళు చాలు వాటికి. తెల్లారి నీళ్ళు గుంజుతయ్, చేపలు మిగుల్తయ్. నిద్ర లేసి చూసినోడు "మీదికెళ్ళి పడ్డయ్" అంటడు. పడంగ చూసినోడు ఎవడన్న ఉన్నడా? మిరుగం నాడు మనం చేపలు తింటం, ఈ వార్తలు గూడ ఆ రోజుల్లనే మొదలైతయ్. వాన మొదలయ్యేదీ అప్పుడే, చేప కదిలేదీ అప్పుడే.

చిల్లరకొట్టు

కొర్రమీను కిలో అయిదొందలు పలుకుతోంది. పడేదేదో మా వీధిలో పడచ్చుగా.

లెక్కలమాస్టారు

పాలమూరు తమ్ముడి మాటకు పాత సాక్ష్యం ఒకటి ఉంది. తమిళనాడు తీరంలోని తరంగంబాడి అప్పట్లో డెన్మార్క్‌వాళ్ళ చేతిలో ఉండేది. అక్కడ డాల్డార్ఫ్ అనే సైనికాధికారి 1791 నవంబరులో చెరువు పక్కన తాటిచెట్టు మొదలు మీద ఓ చేపను పట్టుకున్నాడు. నీటిమట్టానికి ఐదడుగుల ఎత్తున! మాను పగులులో వాననీరు కారుతుంటే, మొప్పల మూతకుండే ముళ్ళను బెరడులో గుచ్చి, తోకతో నెట్టుకుంటూ పైకి పాకుతోందని రాశాడు. 1797లో లండన్ లిన్నేయన్ సొసైటీ సంపుటంలో అది అచ్చయింది. ఆ చేప అనబాస్. మొప్పల పైన మడతలు మడతలుగా ఒక అర ఉంటుంది, దాంతో గాలి పీలుస్తుంది. నేల మీద పాకడం మాత్రం కళ్ళారా చూడొచ్చు, అందులో వింత లేదు.

చెట్టెక్కడం సంగతి వేరు. తర్వాత పరిశీలించినవాళ్ళు దాన్ని నమ్మలేదు. కాకులో గద్దలో పట్టుకెళ్ళి చెట్టు మీద వదిలేసినవే అన్నారు. ఈ పక్షుల మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

బందరులడ్డు

"పడంగ చూసినోడు ఎవడన్న ఉన్నడా" అన్నారుగా. చూడకపోయినా చాలే చోటొకటి చెప్తాను.

అశోకుడి బ్రాహ్మీ లిపిని చదివిన జేమ్స్ ప్రిన్సెప్ అంతకుముందు కాశీ టంకశాలలో పనిచేసేవాడు. వానలు కొలవడం ఆయన సరదా. తోటలో ఐదడుగుల రాతిస్తంభం, దాని మీద ఇత్తడి గరాటు పెట్టిన వానకొలమానం. చుట్టూ ఆనుకుని ఏమీ లేదు. ఒకసారి ఆ గరాటులో చిన్న చేప కనబడింది. అప్పటిదాకా తానూ ఇరుగుపొరుగులాగే నమ్మలేదని, ఆ చేపను చూశాకే నమ్మానని 1833లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఆయనే రాశాడు.

మాస్టారి చేపా ఐదడుగులే, ప్రిన్సెప్ చేపా ఐదడుగులే. కానీ అది గరుకు తాటిమాను, ఇది విడిగా నిలబెట్టిన రాయి. ఎక్కమనండి చూద్దాం.

సందేహాలరావు

ఎక్కక్కర్లేదు లడ్డుగారూ. ఎగిరేదేదో జారవిడిస్తే చాలు. స్తంభం మీద ఇత్తడి గిన్నె కనిపిస్తే లకుముకి పిట్ట వాలకుండా ఉంటుందా? గరాటులో *ఒక* చేప దొరికితే అది వానా? ఒక్క చినుకు పడితే వాన కురిసిందంటామా?

ఇంకోటి. 1859 ఫిబ్రవరిలో వేల్స్‌లో మౌంటెన్ యాష్ అనే ఊళ్ళో రంపపు పనివాడొకడు చొక్కా మెడలోంచి చేపలు జారాయని చెప్పాడు. టోపీ అంచు నిండా చేపలేనట. కొన్నిటిని బ్రిటిష్ మ్యూజియంకి పంపితే, అక్కడి జంతుశాస్త్రజ్ఞుడు జె. ఇ. గ్రే తేల్చిందేమిటి? తోటి పనివాడెవడో చేపలున్న బకెట్టు నీళ్ళు వీడి నెత్తిన కుమ్మరించి ఉంటాడని. నాకు ఈ చర్చలో అన్నిటికంటే నచ్చిన సిద్ధాంతం ఇదే.

బందరులడ్డు

బకెట్టు సిద్ధాంతం బాగుంది. అయితే బకెట్టు ఎంత పెద్దది?

1830 ఫిబ్రవరి 19, మిట్టమధ్యాహ్నం. అప్పటి ఢాకా జలాల్‌పూర్ జిల్లాలో నకుల్‌హటీ ఫ్యాక్టరీ దగ్గర చేపలు పడ్డాయి. తొమ్మిదిమంది నుంచి విడివిడిగా వాంగ్మూలాలు తీసుకున్నారు. ఆకాశంలో పక్షుల గుంపులా కనిపించి కిందికి దిగాయన్నవారున్నారు. కొన్ని చేపలు తాజావి, కొన్ని కుళ్ళి తలలు లేనివి. పాలమూరన్నా, ఫిబ్రవరి మిరుగం కాదు, తొలకరి కాదు. మధ్యాహ్నం పన్నెండింటికి అందరూ నిద్ర లేచే ఉంటారు. తల లేని చేప ఎదురీదుకుంటూ పొలం గట్టెక్కిందంటారా?

పాలమూరోడు

తలకాయ లేని చేప ముచ్చటల నేను ఓడిపోయిన, ఒప్పుకుంటున్న. గని కుళ్ళిన చేపలు మబ్బులకెట్ల పోయినయో చెప్పు జర. సుడిగాలి చెరువుల నీళ్ళు గుంజితే బతికిన చేపలు రావాలె గదా?

వడగళ్ళవాన

సుడిగాలి గుంజడం గురించి ఒక మాట. నీటి మీద తొండంలా కనిపించేదంతా పైకి లేచిన నీరు కాదు. అందులో ఎక్కువ భాగం గాలిలోని ఆవిరి చల్లబడి ఏర్పడిన మబ్బే. కాబట్టి చెరువుకి స్ట్రా వేసి తాగినట్టు ఊహించుకోవద్దు. గాలి నీటిపైభాగాన్ని చీల్చి తుంపరగా లేపుతుంది. లోతు తక్కువున్న చోట, నీళ్ళ పైపైన తిరిగే చిన్న చేపలు, ఒడ్డుకు కొట్టుకొచ్చి చచ్చినవి దానికి చిక్కవచ్చు. కుళ్ళినవాటికి అదొక దారి.

బరువు మోయగలదా అంటే, మోయగలదు. మంచు సాంద్రత నీటికన్నా కాస్త తక్కువ, చేప సాంద్రత దాదాపు నీటితో సమానం. నిమ్మకాయంత వడగల్లును మబ్బులో నిలబెట్టే గాలి, వేలెడు చేపను నిలబెట్టలేదా? 1894 మే 11న అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం, బొవీనా ఊళ్ళో వడగళ్ళతో పాటు మంచు కప్పుకున్న తాబేలు పడింది. ఆరంగుళాలు ఒకవైపు, ఎనిమిది ఇంకోవైపు. అక్కడి వాతావరణశాఖ మాసపత్రికలోనే అది అచ్చయింది.

కష్టమంతా గాలి బలంలో లేదు. సుడిగాలి ఎత్తితే చేపతో పాటు నాచు, బురద, కప్పలు, పుల్లలు కూడా రావాలి. బరువును బట్టి గాలి వేరుచేస్తుందని కొందరంటారు. చేటలో బియ్యం చెరిగినట్టు. సగం నమ్ముతాను.

లెక్కలమాస్టారు

చేపల వానను నమ్మనివాళ్ళ పక్షాన నన్ను కట్టేశారు గానీ, నన్ను ఇబ్బంది పెట్టే కేసు నాకూ ఒకటుంది. 1947 అక్టోబరు 23, లూసియానాలోని మార్క్స్‌విల్. బైకోవ్ అనే చేపల శాస్త్రవేత్త భార్యతో కలిసి హోటల్లో టిఫిను చేస్తున్నాడు. వడ్డించే అమ్మాయి వచ్చి బయట చేపలు పడుతున్నాయంది. టిఫిను వదిలేసి పరుగెత్తాడు. వెయ్యి అడుగుల పొడవు, డెబ్బై ఎనభై అడుగుల వెడల్పు మేర చేపలు పరుచుకుని ఉన్నాయి. రెండంగుళాల నుంచి తొమ్మిదంగుళాల దాకా. అన్నీ ఆ చుట్టుపక్కల మంచినీటి చేపలే. కొన్ని గడ్డకట్టి ఉన్నాయి, కొన్ని ఊరికే చల్లగా ఉన్నాయి. దారిన పోయేవాళ్ళకు చేపలు తగిలాయి కూడా. ఏరి, సీసాల్లో భద్రపరిచి, 1949లో సైన్స్ పత్రికలో రాశాడు. ఆ రోజు తుఫాను లేదు. ముందురోజు మాత్రం చిన్న చిన్న దుమ్ము సుడులు కనిపించాయట.

బకెట్టుతో గానీ, కొర్రమట్టతో గానీ ఇది తేలదు.

సందేహాలరావు

గడ్డకట్టిన చేపలు అనగానే నాకు ఐసుపెట్టెలు గుర్తొస్తాయి మాస్టారూ. ఏ చేపల లారీయో...

లెక్కలమాస్టారు

లారీ వెయ్యి అడుగులు దులుపుకుంటూ వెళ్ళి, మనుషుల నెత్తిన కూడా వేసిందా? ఏ ఎత్తునుంచి నాయనా?

డల్లాస్‌లోదోసె

నేనుండే చోటుకి దగ్గర్లో జరిగింది చెప్తాను. టెక్సర్కానా మాకు మూడు గంటల డ్రైవు లోపే. 2021 డిసెంబరు 29న అక్కడ వాన మధ్యలో చేపలు పడ్డాయి. ఇళ్ళ పెరళ్ళలో, కార్ల షెడ్ల ముందు, టైర్ల షాపు వెనక. పడుతుండగా చూసినవాళ్ళున్నారు, ఫోటోలున్నాయి. మొదట అందరూ సుడిగాలే అన్నారు. తర్వాత చేపలను దగ్గరగా చూసినవాళ్ళకు వేరే అనుమానం వచ్చింది. చాలావాటికి పొలుసులు ఊడి, ఒళ్ళు సగం అరిగినట్టు ఉంది. అది మింగిన చేప లక్షణం. నీటికాకుల గుంపు పైనుంచి పోతూ కక్కేసిందని వాళ్ళు తేల్చారు. చేపలు తినే పక్షులు బెదిరితే చేసే మొదటి పని అదే, పొట్టలో బరువు దించుకుని ఎగిరిపోవడం.

అంటే చేపలు నిజంగానే ఆకాశంలోంచి పడ్డాయి. వాన మాత్రం కాదు.

పాలమూరోడు

అబ్బ! గట్లయితే నకుల్‌హటీల "పక్షుల గుంపు లెక్క" అన్నది నిజంగ పక్షుల గుంపేనేమో. తలకాయలు లేనియి, కుళ్ళినయి గూడ దానికే సరిపోతయ్.

బందరులడ్డు

ఒప్పుకోను. పక్షుల్ని చూస్తే పక్షులనే చెప్తారు, చేపలని ఎందుకు చెప్తారు? వాళ్ళేమీ గుడ్డివాళ్ళు కాదు. చేపల మధ్య బతికే బెంగాలీలు.

సరే, గోడ సంగతి చెప్పండి. 1861 ఫిబ్రవరిలో సింగపూర్‌లో భూకంపం వచ్చింది, కొద్దిరోజులకే కుండపోత. ఫ్రెంచి యాత్రికుడు కాస్తెల్నో వీధి గుంటల్లో జనం బుట్టలకెత్తుతున్న చేపలు చూశాడు. ఎక్కడివంటే ఆకాశం నుంచి అన్నారు. ఆయన ఇంటి పెరటి చుట్టూ గోడ ఉంది, వరద నీరు లోపలికి రాలేదు, అయినా పెరట్లో చేపలున్నాయి.

పాలమూరోడు

గోడకు తూము ఉండదా లడ్డన్నా? పెరటి నీళ్ళు బయటికి పోనీకి సందు ఉంటది గదా. బయటికి నీళ్ళు పోయే తొవ్వలనే ఇవి లోపలికి ఎదురెక్కుతయ్. అవ్వేం చేపలట?

బందరులడ్డు

...క్యాట్‌ఫిష్ జాతి. నేల మీద పాకేవే. ఇది ముందే చెప్పకుండా ఉండాల్సింది నేను.

సందేహాలరావు

అసలు "చేపల వాన" అని ఒకే పేరు పెట్టడంలోనే చిక్కుంది. పాకొచ్చినవి, పక్షి కక్కినవి, ఎవడో కుమ్మరించినవి, గాలి ఎత్తుకొచ్చినవి, అన్నిటినీ ఒక గంపలో పోసి నిజమా కాదా అంటే ఎవరేం చెప్తారు? చచ్చినది ఏది, బతికినది ఏది, ఏ జాతి, ఎన్ని, ఎంత మేర, ఇవడగండి. జగిత్యాల వీడియోలకి కూడా అదే పరీక్ష. గాలి పీల్చే చేపలైతే నా ఓటు పాలమూరుకి.

గోదారిగట్టుగారూ, మీ డాబా చేప సంగతి ఎవరూ అడగలేదు. తూముకి ఆకులు అడ్డం పడ్డాయన్నారు. డాబా మీదికి ఆకులెక్కడివి?

గోదారిగట్టు

ఇప్పుడే అమ్మకి ఫోన్ చేశాను. పక్కింటివాళ్ళ చింతచెట్టట, రెండు కొమ్మలు మా డాబా మీదికి వంగి ఉండేవట. నాకు చెట్టే గుర్తులేదు. ఎందుకు లేదంటే, ఆ మరుసటేడే కొట్టించేశారట. ఎందుకు కొట్టించారమ్మా అన్నాను.

"కొంగలు రా. చెట్టు నిండా గూళ్ళే. రెట్టలతో, కంపుతో డాబా మీద ఒక్క గుడ్డ ఆరేసుకోనిచ్చేవి కాదు" అంది.

చిల్లరకొట్టు

ఆ చేపని ఏం చేశారు మరి?

గోదారిగట్టు

స్కూల్లో చూపిద్దామని జామెట్రీ బాక్సులో పెట్టాను. రెండోరోజు అమ్మ బాక్సుతో సహా పారేసింది.

బందరులడ్డు

మీ ఒక్క చేప కొంగది, ఇచ్చేశాను. మార్క్స్‌విల్‌ వెయ్యి అడుగులు మాత్రం నేను వదలను.