‘మృత్యువు’ తాత అయితే: వచ్చిందా, వచ్చాడా?

ప్రశ్న: టెర్రీ ప్రాచెట్ ఇంగ్లీషు నవల ‘సోల్ మ్యూజిక్’ (1994)ని తెలుగు చేస్తున్నాను. అందులో సూసన్‌కి అమ్మ తరఫు తాత సాక్షాత్తూ మృత్యువే. కూతురూ అల్లుడూ బండి ప్రమాదంలో పోయాక, ఆ దుఃఖం మరిచిపోదామని ఆయన పని వదిలేసి వెళ్లిపోతాడు. కొడవలి మనవరాలి చేతికొస్తుంది. తెలుగులో మృత్యువు ‘వచ్చింది’ అంటాం. తాతని పట్టుకుని ‘వచ్చింది’ అంటే ఏం బాగుంటుంది? యముడు అనేస్తే పోలా?

జవాబు: యముడు వద్దండీ. ఆ మాట అనగానే దున్నపోతు, పాశం, చిత్రగుప్తుడు అందరూ దిగిపోతారు. ఈయన ఎముకల గూడు, ఎక్కేది తెల్లగుర్రం, పాపపుణ్యాల లెక్కతో పనిలేదు. కాలుడు, అంతకుడు పుంలింగాలే, కానీ అవీ యముడి పేర్లే. మిత్తి అందామంటే తెలంగాణలో వడ్డీ వసూలుకొచ్చినట్టుంటుంది. ‘మృత్యువు’నే పేరుగా ఉంచి ‘వచ్చాడు’ అనండి. మొదట పంటికింద రాయిలా తగులుతుంది, నాలుగు పేజీలకి అలవాటైపోతుంది. ఒక్క జాగ్రత్త: మామూలు మరణానికి ‘చావు’ అనే రాయాలి. అక్కడా ‘మృత్యువు’ అని రాస్తే ఎవరొచ్చారో, ఏం జరిగిందో కలగాపులగమవుతుంది.

ప్రశ్న: మరి ఆయన మాటలు? మూలంలో కొటేషన్లు లేకుండా అన్నీ పెద్దక్షరాలే. మనకి ఆ సౌకర్యం లేదు. గ్రాంథికం పెడితే?

జవాబు: అక్కడే దెబ్బతింటారు. ‘ఏతెంచితిని’ అనగానే పౌరాణిక నాటకం మొదలు. ఈయనవి పొట్టి, పొడి మాటలు. మనుషుల తీరు అంతుపట్టని అమాయకత్వం. ఇంకో సంగతి, ఇదే అసలుది: ఆ గొంతు సూసన్‌కీ వస్తుంది. సూసన్ వాళ్లమ్మ ఇజబెల్ ఆయనకి పెంపుడు కూతురు, రక్తసంబంధం లేదు. అయినా ఒకప్పుడు సూసన్ వాళ్ల నాన్న మోర్ట్‌ని మృత్యువు చెంపదెబ్బ కొడితే, ఆ వేళ్ల గీతలు మోర్ట్ కూతురి చెంప మీద, మొహం ఎర్రబడ్డప్పుడల్లా తేలతాయి. గొంతూ అంతే, వారసత్వం. మీ పద్ధతి ఏదైనా, ఆ పిల్ల వాక్యం మధ్యలో అందులోకి జారగలగాలి. పదహారేళ్ల హాస్టల్ పిల్ల ఉన్నట్టుండి గ్రాంథికం ఎత్తుకుంటే నవ్వొస్తుంది, అదీ రావలసిన నవ్వు కాదు. కొటేషన్లు తీసేసి ముద్దక్షరాలు (బోల్డ్) వాడండి. అక్షరాల మధ్య ఎడం పెంచే ఆలోచన మాత్రం వద్దు, కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు ఊడి పక్కకి పడతాయి.

మరొకరు: పిలుపు సంగతి కూడా ముందే తేల్చుకోండి. అమ్మానాన్నలే తాత ఇంటికి రాకపోకలు మాన్పించారు కాబట్టి సూసన్ ‘తాతగారూ, మీరు’ అనే అనాలి. ‘తాతయ్యా’ని మొదట్లోనే ఖర్చుపెట్టేస్తే చివర్లో చేతిలో ఏమీ మిగలదు. ఊయల ఘట్టం చూడండి: మనవరాలి కోసం చెట్టుకి అటో కొమ్మ ఇటో కొమ్మకి ఊయల కట్టి, మధ్యలో మాను అడ్డొస్తోందని మానునే కోసేశాడాయన. అక్కడ కథకుడు ‘పాపం’ అనకూడదు, కొలతలు చెప్పినట్టు పొడిగా చెప్పాలి.

ప్రశ్న: ఎలుకల ప్రాణాలు తీసుకెళ్లడానికి వేరే ఉన్న ‘ఎలుకల మృత్యువు’కి?

జవాబు: దానికి ‘వచ్చింది’ హాయిగా సరిపోతుంది. అది అనే ‘కిచ్’ మాత్రం ముద్దక్షరాల్లోనే.