క్రాస్ తొలి రికార్డు: మొదటి పాట చోట నిశ్శబ్దం ఎందుకు?

ప్రశ్న (బరంపురం): ఇంగ్లండు పంక్ (తిరుగుబాటు ధోరణి గల రాక్ సంగీతం) బృందం క్రాస్ 1978లో రికార్డు చేసిన తొలి ఆల్బమ్ ‘ద ఫీడింగ్ ఆఫ్ ద ఫైవ్ థౌజండ్’ ప్రతులు రెండు మా మిత్రుల దగ్గర ఉన్నాయి. పాత ప్రతిలో మొదటి పాట రావలసిన చోట ఏమీ వినిపించడం లేదు. ఇది రికార్డు లోపమా? కొత్తగా కొనేవారు ఏది తీసుకోవాలి?

జవాబు (రాయగడ): లోపం కాదండీ. క్రైస్తవాన్ని తీవ్రంగా దూషించే ‘అసైలమ్’ పాట ఉన్న రికార్డును అచ్చువేయడానికి ఐర్లండులోని కర్మాగారం కార్మికులు ఒప్పుకోకపోవడంతో, బృందం ఆ పాటను తీసేసి, ఆ చోట నిశ్శబ్దాన్నే ఉంచి, దానికి ‘ద సౌండ్ ఆఫ్ ఫ్రీ స్పీచ్’ అని పేరు పెట్టింది. ఇంత పొదుపైన నిరసన నేనింకెక్కడా వినలేదు (ఇక్కడ విన్నాననడం కూడా కష్టమే). తరువాత తమ సొంత సంస్థ ద్వారా తెచ్చిన పునర్ముద్రణలో ఆ పాటను మళ్లీ చేర్చారు.

జవాబు (సిరొంచ): పాటలన్నీ కావాలనుకునేవారు ఆ పునర్ముద్రణనో, 2010లో ధ్వనిని మెరుగుపరిచి తెచ్చిన ప్రతినో తీసుకోవచ్చు. నాకు రెండోదే నచ్చింది. సైనిక కవాతును తలపించే డ్రమ్ముల దరువు అందులో స్పష్టంగా తెలుస్తుంది. ఇంతకు మించి చెల్లించవద్దని అట్టమీదే ధర అచ్చువేసిన బృందం రికార్డుకు దిగుమతి ఖర్చులు కలిపి ఎంతవుతుందో మాత్రం అడగకండి.