డక్ట్ ఏసీ బ్లోయర్‌కు మూడు వేగాల మోటారు: మిగిలిన వైరును ఏం చేయాలి?

ప్రశ్న: కావలి పఠనశాల

నమస్కారం. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల కోసం కావలిలో మేము ఒక పఠనశాల నడుపుతున్నాము. అందులో గొట్టాల ద్వారా గాలి పంపే ఐదు టన్నుల డక్ట్ ఏసీ ఉంది. అది చల్లగాలితోపాటు వేడిగాలి కూడా ఇచ్చే రకమే గాని, వేడిగాలి అవసరం మాకు ఇంతవరకు రాలేదు. పోయిన వారం లోపలి యూనిట్‌లో గాలిని తోసే బ్లోయర్ మోటారు కాలిపోయింది. పాతది రెండు వేగాల మోటారు. అలాంటిది దొరకనందున అంతే హార్స్‌పవర్ గల మూడు వేగాల మోటారు తెప్పించాము. దానికి తెలుపు, నలుపు, నీలం, ఎరుపు వైర్లు ఒక్కొక్కటి, గోధుమ రంగువి రెండు, వీటితోపాటు ఎర్త్ వైరు ఉన్నాయి.

యూనిట్ బోర్డు మీద బ్లోయర్ కోసం ‘కూల్’, ‘హీట్’ అని రెండే టెర్మినళ్లు ఉన్నాయి. మెకానిక్ తెలుపును న్యూట్రల్‌కు, గోధుమ వైర్లను కెపాసిటర్‌కు, ఎరుపును ‘హీట్’కు కలిపి, ఒక వైరు వృథాగా మిగలడం ఎందుకని నలుపును, నీలాన్ని కలిపి మెలిపెట్టి ‘కూల్’కు ఇచ్చారు. మోటారు తిరుగుతోంది, కాని గట్టిగా మూలుగుతోంది. 20 నిమిషాలకు ముట్టుకోలేనంత వేడెక్కి ఆగిపోయి, చల్లారిన తరువాత తనంతట తానే మళ్లీ మొదలవుతోంది. క్లాంప్ మీటరులో 6.1 ఆంపియర్లు చూపుతోంది. నేమ్‌ప్లేట్ మీద 4.2 అని ఉంది. మోటారే నాసిరకమా, లేక వైరింగ్‌లో తప్పుందా? దయచేసి తెలియజేయండి.

సమాధానం: ఒంగోలు నుంచి, ఏసీ మరమ్మతుల వృత్తి

ముందుగా మెయిన్ ఆపి, ఆ మోటారును ఇక తిప్పకుండా ఉంచండి. లోపం వైరింగ్‌లోనే ఉంది. నలుపు, నీలం కలపడమే ఆ లోపం.

ఈ మోటారులో మూడు వేర్వేరు వైండింగులు ఉంటాయని చాలామంది అనుకుంటారు. నిజానికి ఉండేది ఒకే ప్రధాన వైండింగ్. దాని చివర మరికొన్ని చుట్లు వరుసగా చేర్చి, మధ్యమధ్యలో బయటకు తీసిన కొసలే ఈ రంగు వైర్లు. తక్కువ చుట్లకు 230 వోల్టులు అందితే వేగం ఎక్కువ, ఎక్కువ చుట్లకు అందితే వేగం తక్కువ. రెండు కొసలను ఒకచోట కలిపినప్పుడు వాటి నడుమ ఉన్న చుట్లు షార్ట్ అయినట్లే. మోటారు తిరుగుతున్నంతసేపూ ఆ చుట్లలో వోల్టేజి పుడుతూనే ఉంటుంది కనుక, బయటకు దారిలేని కరెంటు వాటిలోనే సుడి తిరిగి వైండింగ్‌ను కాలుస్తుంది. మీరు విన్న మూలుగు, చూసిన 6.1 ఆంపియర్లు దాని ఫలితమే. మోటారు మరీ వేడెక్కితే కరెంటు తెంచే లోపలి థర్మల్ ప్రొటెక్టర్ ఆపుతూ వచ్చింది గనుక మోటారు ఇంకా దక్కి ఉండవచ్చు.

రంగులను నమ్మవద్దు, అవి కంపెనీని బట్టి మారుతాయి. మోటారు మీద అంటించిన వైరింగ్ బొమ్మే ప్రమాణం. దానితో సరిపోతున్నదో లేదో చూడడానికి మాత్రం మల్టీమీటరు వాడండి. కరెంటు తీసి, వైర్లన్నీ విడదీసి, మీటరు కొసలు రెండూ ఒకదానికొకటి తాకించి వచ్చిన ఓమ్‌లను ప్రతి రీడింగు నుంచి తీసివేయండి. ఇంత పెద్ద మోటారులో అసలు విలువలే చిన్నవి కాబట్టి ఆ తేడా లెక్కలోకి వస్తుంది. న్యూట్రల్ నుంచి కొలిస్తే అతి తక్కువ ఓమ్‌లు చూపేది హై (ఎక్కువ వేగం), అతి ఎక్కువ చూపేది లో (తక్కువ వేగం). ఆపై ప్రతి వైరుకూ మోటారు బాడీకీ మధ్య కూడా చూడండి. అక్కడ ఏమాత్రం కనెక్షన్ చూపినా ఆ మోటారును వాడకూడదు.

కెపాసిటర్ పాతదే ఉంచారా? కొత్త మోటారు నేమ్‌ప్లేట్ మీద ఎన్ని మైక్రోఫారడ్‌లు రాసి ఉంటే అంతే ఉండాలి. దానిలో నిలిచి ఉన్న చార్జిని తీయడానికి, తాకే ముందు స్క్రూడ్రైవరుతో టప్పున షార్ట్ చేసే అలవాటు మన దగ్గర ఉంది, అది వద్దు. 20 కిలో ఓమ్‌ల రెసిస్టరును రెండు టెర్మినళ్ల మధ్య కొన్ని సెకన్లు ఆనించి, వోల్టేజి సున్నా అయిందని మీటరుతో చూసుకున్న తరువాతే చెయ్యి పెట్టండి.

సమాధానం: నెల్లూరు నుంచి

పైవారు చెప్పినదానికి ఒక్కటి చేరుస్తాను. వాడని వైరును ఊరికే వదిలేయడం కూడా ప్రమాదమే. హై కొసకు కరెంటు ఇచ్చినప్పుడు మిగిలిన కొసల మీద 230 కన్నా ఎక్కువ వోల్టేజి ఉంటుంది. అందుచేత మిగిలిన ప్రతి వైరు కొసనూ విడివిడిగా క్యాప్ పెట్టి, టేపు చుట్టి, బ్లోయర్ చక్రానికి తగలకుండా కట్టివేయాలి. అన్నింటినీ కలిపి ఒకే ముడి వేయకూడదు.

ఏ వేగం ఎంచుకోవాలన్నది వైరింగ్ అంత ముఖ్యమైన విషయం. చల్లదనానికి టన్నుకు నిమిషానికి 400 ఘనపుటడుగుల గాలి అని సాధారణంగా లెక్క వేస్తారు. సముద్రం పక్కనున్న మన ఊళ్లలో ఉక్కపోతే అసలు బాధ కాబట్టి, 350 దగ్గర నడిపితే గాలి దానిని చల్లబరిచే కాయిల్ మీద కాస్త నెమ్మదిగా సాగి తేమ బాగా దిగుతుంది. మీ ఐదు టన్నులకు అది 1750 అవుతుంది. అంతకన్నా బాగా తగ్గిస్తే కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. అందువల్ల మీడియం కొసతో మొదలుపెట్టి, ఒక గంట తరువాత కాయిల్‌ను, నీళ్లు పోయే పైపును చూసి నిర్ణయించుకోండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. వైర్లన్నీ విడదీసి కొలిచాము. తెలుపు నుంచి నలుపుకు 6.2, నీలానికి 8.0, ఎరుపుకు 10.3 ఓమ్‌లు వచ్చాయి. నలుపు నీలం మధ్య 1.8, నీలం ఎరుపు మధ్య 2.3. బాడీకి ఏ వైరూ తగలడం లేదు. మీరు అనుమానించినట్లే కెపాసిటర్ పాతది, 7.5 మైక్రోఫారడ్‌లది, కొత్త మోటారుకు 10 కావాలని, 440 వోల్టులదై ఉండాలని ప్లేట్ మీద ఉంది. నీలాన్ని ‘కూల్’కు ఇస్తాము. మరి ‘హీట్’కు ఎరుపునే ఉంచవచ్చునా? పక్క గదిలోని యూనిట్ మోటారును కూడా ఇదే స్విచ్చుకు కలిపితే ఖర్చు తగ్గుతుందని మెకానిక్ అంటున్నారు, అది సరైనదేనా?

సమాధానం: ఒంగోలు నుంచి

మీ కొలతలు చక్కగా సరిపోయాయి. 6.2కు 1.8 కలిపితే 8.0, దానికి 2.3 కలిపితే 10.3. తెలుపే న్యూట్రల్, నలుపు హై, నీలం మీడియం, ఎరుపు లో. వైండింగ్ ఎక్కడా తెగలేదు.

వేడికి తక్కువ వేగం పెట్టడమన్నది చలిదేశాలలో గ్యాస్ ఫర్నేసుల నుంచి వచ్చిన పద్ధతి. మీది అదే కంప్రెసరుతో వేడినిచ్చే యూనిట్. అందులో వేడి సమయంలో గాలి తగ్గితే ఏసీలో తిరిగే గ్యాస్ ప్రెషర్ పెరిగి యూనిట్ ట్రిప్ అవుతుంది. కాబట్టి ‘హీట్’కు కూడా నీలమే ఇవ్వండి. బోర్డులోని రెండు రిలేలకూ (కరెంటును తనంతట తానే కలిపి, తెంచే స్విచ్చులకు) ఒకే ఫేజ్ అందుతున్నదని చూసుకున్న తరువాత, ఆ రెండు టెర్మినళ్లనూ చిన్న వైరుతో కలిపి నీలాన్ని ఒకదానికి ఇవ్వవచ్చు. బోర్డు టెర్మినళ్లను కలపడం వేరు, మోటారు కొసలను కలపడం వేరు. దయచేసి ఈ తేడా మీ మెకానిక్ గారికి ఓపికగా వివరించండి. ఆయన వైరు వృథా కాకూడదనే అలా చేశారు గాని, నిర్లక్ష్యంతో కాదనుకుంటాను.

రెండో మోటారును అదే స్విచ్చుకు నేరుగా కలపవద్దు. అప్పుడు రెండు మోటార్ల హై, మీడియం, లో కొసలు ఒకదానితో ఒకటి ముడిపడి, ఒకదానిలో పుట్టిన వోల్టేజి రెండోదానిలోకి ఎదురు పారుతుంది. ప్రతి మోటారుకూ వేరే రిలేలు ఉండాలి.

చివరగా, ఆంపియర్లు కొలిచేటప్పుడు ప్యానెల్ మూసి, డక్ట్ బిగించి ఉంచండి. తెరిచి నడిపితే ఈ రకం బ్లోయర్ ఎక్కువ గాలి లాగి ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, రీడింగు తప్పుదారి పట్టిస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ఈ రోజు మధ్యాహ్నం కొత్త కెపాసిటర్ వేసి, మీరు చెప్పినట్లు కలిపించాము. నలుపు, ఎరుపు కొసలకు విడివిడిగా క్యాపులు పెట్టాము. ప్యానెల్ మూసి మూడు గంటలు నడిపితే 3.6 ఆంపియర్ల దగ్గర నిలకడగా ఉంది. మూలుగు లేదు, కాయిల్ మీద మంచు లేదు, నీళ్లు ధారగా పోతున్నాయి. పక్క గది యూనిట్‌కు వేరే రిలేలు తెప్పించమని మెకానిక్ గారే అడిగారు.